పో అనే దేశం

మా అమ్మాయి ఆ దేశం వెళ్లిన కొత్తలో, తను అద్దెకున్న ఇంటావిడ మొదటిసారి వీడియోలో కనపడి నన్ను పొమ్మంది.

నవ్వుతూనే అంది. గుండ్రటి మొహం, మెడలో సన్నటి గొలుసుకు సిలువ, వెనకాల గోడ మీద పూల క్యాలెండరు. "గుడ్ మార్నింగ్ పో, మమ్మీ!" అంది. నేను రెండు చేతులూ జోడించి వందనాలు చెప్పాను. "హౌ ఆర్ యూ పో?" అంది. పక్కన కూర్చుని టీ తాగుతున్న మా ఆయన గ్లాసు కింద పెట్టేశారు.

"ఏందే ఆమె, పో అంటంది?"

"ఉండండి, ఇంగ్లీషేమో."

"ఇంగ్లీషులో పో ఏందే? నాకు రాదా ఏంది ఇంగ్లీషు?"

ఆవిడ మాత్రం ఆపలేదు. మీ అమ్మాయి మంచి పిల్ల పో. అన్నం సరిగ్గా తినడం లేదు పో. మీరేం కంగారు పడకండి పో. గుమ్మంలోకొచ్చిన కోడిని అదిలించినట్టు మాట మాటకీ ఒక పో. నాకు చెవులు వేడెక్కాయి. పర్చూరు దగ్గర ఒక ఊళ్లో హైస్కూలు పిల్లలకు సోషల్ చెబుతాను నేను. పాఠం వచ్చినా రాకపోయినా, పెద్దవాళ్లతో అండి లేకుండా మాట ముగించే పిల్లవాడిని నేను ఊరుకోను. అలాంటి నన్ను, సముద్రం అవతలి నుంచి, నేను అద్దె కట్టే ఇంట్లోంచి, ఒకావిడ నవ్వుతూ పొమ్మంటోంది.

ఫోను అమ్మాయి చేతిలోకి రాగానే గొంతు తగ్గించి అడిగాను. "ఏమే, ఆవిడేంటి పో పో అంటోంది?"

"ఆవిడ అందరితో అంతేలే అమ్మా. నాకు క్లాసుకు టైమైపోయింది, ఉంటా."

అందరితో అంతేనట. అంటే అందర్నీ పొమ్మంటుందన్నమాట. పిల్ల పరాయి దేశంలో ఉంది, ఇంటావిడతో మనం గొడవ పెట్టుకుంటే పడేది పిల్లే. అందుకని ఆ మాట కడుపులో దాచుకుని ఊరుకున్నాను. మా ఆయన మాత్రం అప్పట్నుంచి ఆవిడకి 'పోమ్మ' అని పేరు పెట్టేశారు.

అసలు ఆ దేశమే నాకు అర్థం కాలేదు. ఇది సోషల్ టీచరు చెప్పుకోవాల్సిన మాట కాదు. 'అన్నివైపులా నీరు ఉన్న భూభాగమే ద్వీపం' అని నేను బోర్డు మీద రాయని సంవత్సరం లేదు. కానీ మా తరగతి గోడకున్న పటంలో ఫిలిప్పీన్స్ ఎలా ఉంటుందంటే, మా ఆయన మిల్లు నుంచి వచ్చి చొక్కా దులిపితే నేల మీద పడే పత్తి గింజల్లా ఉంటుంది. ఏడువేల పైచిలుకు దీవులట. నా చూపుడు వేలు పెడితే దేశం మొత్తం మూసుకుపోయేది. వేలు తీస్తే అందులో ఏ గింజ మీద మా పిల్ల ఉందో మళ్లీ వెతుక్కోవాల్సి వచ్చేది.

డాక్టరవుతానని చిన్నప్పట్నుంచీ పట్టు పట్టిన పిల్ల. ఇక్కడ సీటు రాలేదు. ఎవరో చెబితే గుంటూరులో, విదేశాల్లో డాక్టరు సీట్లు ఇప్పించే ఒకాయన ఆఫీసుకు వెళ్లాం. ఏసీ గదిలో కూర్చోబెట్టి, "అక్కడా మన వాతావరణమే మేడమ్. తిండి కూడా మనలాగే అన్నమే. మీరు క్రైస్తవులు కదా, అక్కడ అందరూ మీవాళ్లే" అన్నాడు. ఆయన అబద్ధం చెప్పాడని అనలేను. అలాగని నిజం చెప్పాడనీ అనలేను.

వాతావరణం సంగతే చూడండి. ఒకరోజు అడిగాను, మీకు వానలెప్పుడే అని.

"రోజూ సాయంత్రం పడుద్దమ్మా."

"అది కాదే. వానాకాలం ఎప్పుడు అంటున్నా."

"అదే చెప్తున్నా గదా. ఇక్కడ కాలాలు లేవు. ఏడాదంతా ఇంతే."

"కాలాలు లేకపోవడమేంటే? ఎనిమిదో తరగతికి నేను పాఠం చెబుతున్నాను."

"మా దీవిలో లేవమ్మా. పై దీవుల్లో ఉన్నాయంట, ఎండాకాలం వేరే, వానాకాలం వేరే. తూర్పు పక్క మళ్లీ ఇంకో రకమంట."

ఒకటే దేశం, ఒకటే జెండా, దీవికో ఆకాశం. ఇక్కడ మేము కృత్తిక, రోహిణి, మృగశిర అంటూ కార్తెలు లెక్కేసుకుని మిరప నారు పోసుకునే మనుషులం. కాలాలు లేని చోట మనుషులు దేన్ని చూసి పనులు మొదలుపెడతారో నాకు బోధపడలేదు. పైగా సెప్టెంబరు రాగానే అమ్మాయి ఫోన్ చేసి, "అమ్మా, క్రిస్మస్ మొదలైపోయింది, ఇళ్లకు కాగితం చుక్కలు కట్టేశారు" అంది. ఇక్కడ మా చేలల్లో మిరప మొక్కలు ఇంకా నాటుతున్నారు. మందిరంలో ఈ సంగతి చెబితే పాస్టరు గారు కూడా నమ్మలేదు. సెప్టెంబరు నుంచి పాటలు పాడుకుంటే అసలు పండగ నాటికి గొంతుండద్దా అన్నారు.

అన్నం మాటకొస్తే, తింటారు, పొద్దున కూడా తింటారు. దానిలోకి ఎర్రటి పచ్చడిలాంటిది సీసాలో ఉంటే చూసి మా పిల్లకి ప్రాణం లేచొచ్చిందట. అన్నంలో బాగా వేసుకుని కలుపుకుంది. తియ్యగా ఉందట! అరటిపండు సాసట అది, రంగు వేసింది. గుంటూరు జిల్లాలో పుట్టిన మనిషికి ఎర్రగా ఉండి తియ్యగా ఉండటం అనేది ఎంత పెద్ద దెబ్బో వేరేవాళ్లకు చెప్పినా తెలియదు. ఆ కోపం మీద పిల్ల మనింటి పండుమిరప పచ్చడి సీసా తీసి బల్ల మీద పెట్టింది. ఇంటావిడ దాన్ని చూసి తన సాసులాంటిదే అనుకుని చెంచా నిండా తీసుకుని నోట్లో పెట్టుకుందట. తర్వాత చాలాసేపు ఆవిడ నోటి వెంట పో కూడా రాలేదని చెప్పి అమ్మాయి పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. అందులో కొంచెం కసి కూడా ఉందిలెండి.

ఇక మావాళ్ల సంగతి. మా మందిరంలో గోడకు ఒక సిలువ, దాని పక్కన రంగులతో రాసిన ఒక వాక్యం, అంతే. ఆవిడ ఇంట్లో టీవీ పక్కన గాజు పెట్టెలో బాలయేసు బొమ్మ ఉంది. ఎర్ర మఖమలు అంగీ, తలమీద కిరీటం, చిన్న చిన్న బూట్లు. ఏడాదికోసారి ఆ బొమ్మని ఊరేగిస్తారట, డప్పులు, డ్యాన్సులు, పందిని మొత్తంగా కాల్చి పెట్టే విందులు. వీడియో చూస్తే నాకు తిరునాళ్ల గుర్తొచ్చింది. పక్క వీధిలో మసీదు. అమ్మాయి క్లాసులో తలకు గుడ్డ చుట్టుకున్న పిల్లలున్నారు. కొండల మీద ఇంకా వేరే జనం, వాళ్ల నేత వాళ్లది, పూసలు వాళ్లవి, భాషలు వాళ్లవి. అందరూ మీవాళ్లే అన్న పెద్దమనిషి వీళ్లలో ఎవర్ని చూసి అన్నాడో.

భాషలు మరీ చిక్కు. ఆ ఊరివాళ్లు మాట్లాడేది ఒకటి, టీవీలో వచ్చేది ఇంకొకటి. ఇంటావిడ పై దీవుల మనిషి, ఇక్కడి ఆయన్ని చేసుకుని వచ్చింది, ఇంట్లో టీవీ భాష మాట్లాడుతుంది. ఒకసారి పక్కింటావిడ కూడా ఫోన్‌లోకి తొంగి చూసి నన్ను పలకరించింది. చెవులు రిక్కించి విన్నాను. ఆవిడ ఒక్కసారి కూడా పో అనలేదు! ఇంకేముంది, నా అనుమానం గట్టిపడింది. దేశం మంచిదే, మనకు దొరికిన ఇంటావిడే తేడా.

తుఫాను వార్త వచ్చినప్పుడల్లా చీరాల నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసేది. "వదినా, టీవీ చూశావా? ఫిలిప్పీన్స్‌లో ఇళ్లు ఎగిరిపోతన్నాయి." మొదట్లో నేనూ అప్పటికప్పుడు పిల్లకి ఫోన్ కొట్టేదాన్ని. తర్వాత్తర్వాత నేర్చుకున్నాను. తుఫాన్లు ఎక్కువగా పోయేది పై దీవుల మీదుగా, మా పిల్ల ఉన్న మిందనావ్ దీవి అట్టడుగున, అందులో దావావ్ ఊరికి వాటి బెడద తక్కువ. "అది పైనమ్మా, మనది కింద" అని ధీమాగా చెప్పేదాన్ని. తుఫాను మనకు మాత్రం కొత్తా? బాపట్ల దగ్గర తీరం దాటుతుందంటే చాలు, కల్లంలో మిరపకాయల మీద పట్టాలు కప్పి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి, దీపం వెలిగించుకుని కూర్చుంటాం. గాలి వస్తుంది, పోతుంది.

ఆ పొద్దున బడిలో ప్రార్థన అయిపోయి పిల్లలు లోపలికి వచ్చి కూర్చుంటున్నారు. ఆడపడుచు ఫోన్.

"వదినా, అక్కడ భూకంపమంట."

"పై దీవుల్లోలేమ్మా."

"కాదొదినా, కిందనే అంటన్నారు. పటం కూడా చూపిస్తన్నారు."

చేతిలో సుద్దముక్క అలాగే ఉంది. గోడ మీద పటం ఉంది. చూడబుద్ధి కాలేదు. అమ్మాయికి చేస్తే మోగడం లేదు. మళ్లీ చేశాను. తుఫానంటే ముందు చెప్పి వస్తుంది. భూమి కదిలితే ఏం కప్పాలి, ఎక్కడ రాయి పెట్టాలి? పిల్లల్ని కూర్చోమన్నానో, వెళ్లమన్నానో కూడా గుర్తు లేదు. మా ఆయన చిలకలూరిపేటలో జిన్నింగు మిల్లులో సూపర్‌వైజరు. ఆ మోతలో ఫోన్ వినపడదు, ఎవరో చెబితే బండి వేసుకుని వచ్చేశారు. తల నిండా పత్తి నుసి. దులుపుకోనైనా లేదు. ఇద్దరం వరండా మెట్ల మీద నిలబడి చెరొక ఫోనూ నొక్కుతున్నాం.

అప్పుడు కొత్త నంబరు నుంచి నాకు కాల్ వచ్చింది. ఎత్తాను. గాలి హోరు, జనం అరుపులు, ఆ వెనక ఆవిడ గొంతు. లైను తెగి తెగి వస్తోంది. మాట మొదలు వినపడదు, మధ్య వినపడదు. చివరి ముక్క ఒక్కటే చెవిన పడుతోంది.

"మమ్మీ... పో."

"ఆంటీ, మా అమ్మాయి? మా అమ్మాయెక్కడ?"

"... పో. ... పో."

కట్ అయిపోయింది.

"ఏమందే?" అన్నారు మా ఆయన. "చెప్పవేందే, ఏమంది?"

"పో..." అన్నాను. అంతకు మించి నా నోరు కదల్లేదు. మిగతాది ఆయనే పూర్తి చేసుకున్నారు. మన భాషలో ఆ మాటకు తోక తగిలిస్తే ఏమవుతుందో ఎవరికీ చెప్పక్కర్లేదు. మెట్టు మీద కూలబడిపోయారు. బండి తాళం చేతిలో తిప్పుతూ ఉండిపోయారు. నాకు ఏడుపు కూడా రాలేదు. ఆవిడ గొంతులో ఏడుపు ఉందా లేదా అని పదే పదే గుర్తు తెచ్చుకుంటున్నాను. ఉన్నట్టే ఉంది. లేనట్టూ ఉంది. ఆవిడ ఎప్పుడూ అనే పోనా ఇది, ఇంకో పోనా? దేవా, ఏ పో ఇది?

మళ్లీ మోగింది. ఈసారి వీడియో. ముందు ఆకాశం కనపడింది, తర్వాత నేల, తర్వాత ప్లాస్టిక్ కుర్చీలు, జనం. ఆ జనంలో ఆవిడ. ఒక చంకలో గాజు పెట్టెలోంచి తీసుకొచ్చిన బాలయేసు బొమ్మ, కిరీటం పక్కకి ఒరిగిపోయి ఉంది. ఇంకో చేత్తో మా అమ్మాయి మణికట్టు గట్టిగా పట్టుకుని ఉంది. ఫోన్ పట్టుకున్నది మా అమ్మాయే.

"అమ్మా, నేను బానే ఉన్నా. పొద్దున క్లాసు లేదు, ఇంట్లోనే ఉన్నా. ఊగడం మొదలవగానే ఆంటీ పైకొచ్చి బయటికి లాక్కొచ్చేసింది. నా ఫోన్ పైనే ఉండిపోయింది, ఇది ఆంటీది. ఆంటీ చెప్పిందంట గదా మీకు, సేఫ్ అని?"

"ఎక్కడ చెప్పిందే! మాకు పో పో అని ఒకటే వినపడింది!"

"పో అంటే అండి అమ్మా!"

"ఏంటీ?"

"మన అండి లాంటిదే. సేఫ్ అండీ, బానే ఉందండీ అని చెప్పింది. ఇక్కడివాళ్లు అట్టా అనరు గానీ ఆంటీది పై దీవి గదా, వాళ్లకు మర్యాద ఎక్కువ. నీకు తెలుసనుకున్నా."

"ఆ ముక్క ముందే చెప్పి చావచ్చు గదే!" అని అరిచాను. బడి మొత్తం వినపడేలా అరిచాను. అప్పటిదాకా రాని ఏడుపు ఆ అరుపుతో వచ్చేసింది. మా ఆయన నా చేతిలో ఫోన్ లాక్కుని, పిల్లతో ఒక్క మాటా అనకుండా, ఆవిడ మొహం కనపడగానే, "అండి... ఏమండీ... థాంక్సండీ" అని చేయెత్తి దణ్ణం పెట్టారు. నేనూ చెప్పబోయాను. వాళ్ల పద్ధతిలో థాంక్యూ పో అంటే ఆవిడకు సంతోషంగా ఉంటుందని అమ్మాయి నేర్పింది. నాలుక తిరగలేదండీ. పిల్లని బతికించి నిలబెట్టిన మనిషిని పట్టుకుని పో అనడం ఎలా? అండి అనే అన్నాను.

సెలవులకు అమ్మాయి వచ్చింది. మిరప కోతల రోజులు. కల్లాల్లో కాయలు ఎండుతున్నాయి, ఊరంతా ఘాటు. వచ్చిన రోజు తుమ్ముతూనే ఇల్లంతా తిరిగింది. పడుకునేటప్పుడు చెప్పులు మంచానికి ఆనించి, కాళ్లకు అందేటట్టు పెట్టుకోవడం చూశాను. చీమకుర్తి గ్రానైటు రాళ్ల లారీలు రోడ్డు మీద పోతే మా కిటికీ అద్దాలు కొంచెం అదురుతాయి. మేమెప్పుడూ పట్టించుకోలేదు. అది అన్నం తింటున్నదల్లా చేయి ఆపేసి వింటోంది.

మా ఆయన ఆ రోజే తేల్చేశారు. "ఇంక చాల్లే తల్లీ. ఇక్కడే నర్సింగులో చేరు. కదలని నేల మీద ఉండు, చాలు."

"నర్సునైతే అవుతా గానీ నాన్నా, నాకు డాక్టరవ్వాలనుంది."

"భయం లేదా నీకు?"

"ఉంది."

"మరి?"

"ఉందని చెప్పా గదా. అయినా వెళ్తా. అమ్మ వద్దంటే మాత్రం ఆగిపోతా."

ఇద్దరూ కలిసి నా నెత్తిన పెట్టారు. "నువ్వు చెప్పు, నీ మాట ఇంటది" అని ఆయన. "నువ్వు చెప్పమ్మా" అని అది. వెళ్లమంటే నా నోటితో నేనే పంపినట్టు. వద్దంటే, ఇక్కడే ఉంటుంది, నా ఎదురుగా ఉంటుంది, జీవితాంతం ఎవరో డాక్టరు పక్కన నిలబడి ట్రే పట్టుకున్నప్పుడల్లా నా మొహమే గుర్తొస్తుంది. రోజుకో రకంగా అనిపించేది. పొద్దున పంపాలనిపించేది, సాయంత్రం లారీ పోగానే వద్దనిపించేది. ఎవరికీ ఏమీ చెప్పకుండా కారం కొట్టించాను, గోంగూర పచ్చడి పెట్టాను, ఇంటావిడకని కారం బాగా తగ్గించి వేరే సీసాలో మామిడికాయ పచ్చడి కూడా పెట్టాను. "అయితే పంపిస్తన్నావా?" అన్నారాయన. "సర్దుతున్నానంతే" అన్నాను.

ఎయిర్‌పోర్టు దాకా అదే వరస. మన ఇళ్లల్లో బయటికి వెళ్లేవాళ్లను పో అనం. వెళ్లిరా అంటాం, పోయిరా అంటాం. రా అనే ముక్క లేకుండా నోరు జారితే వెనక్కి పిలిచి, కాసేపు కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి మళ్లీ పంపిస్తాం. అంత పట్టింపు మాకు. అందుకే కారెక్కినప్పటి నుంచీ ఆ ఒక్క మాట నోట్లోనే పెట్టుకుని కూర్చున్నాను. వెళ్లిరా అంటే ఒప్పుకున్నట్టు. అనకపోతే ఆపినట్టు.

గేటు ముందు సామాను బండి పక్కకు నెట్టి అమ్మాయి నా ఎదురుగా నిలబడింది.

"చెప్పమ్మా. వెళ్లనా?"

అది నా కుడిచేయి తీసుకుంది, తల వంచి, ఆ చేతి వెనక భాగాన్ని నుదుటికి ఆనించుకుంది. వాళ్లక్కడ పెద్దవాళ్ల దగ్గర అలా చేస్తారట, ఇంటావిడ నేర్పిందట. నుదురు వేడిగా ఉంది. చిన్నప్పుడు జ్వరం చూడడానికి పెట్టిన చేయే అది.

"వెళ్లొస్తాను పో" అంది.

వెళ్లిరా అందామనుకున్నాను. నిజంగా అందామనుకున్నాను. ఆ రోజు ఫోన్‌లో లాగే మొదలు వినపడలేదు, మధ్య వినపడలేదు, ఒక్క ముక్కే బయటపడింది.

"పో."

వరసలో నిలబడ్డవాళ్లు మా వంక చూశారు. ఆ మాట వాళ్ల భాషలో అన్నానో, మన భాషలో అన్నానో నాకిప్పటికీ తెలియదు. పిల్లకు మాత్రం అర్థమైనట్టే ఉంది. కళ్లు తుడుచుకుని, నవ్వి, బండి తోసుకుంటూ లోపలికి నడిచింది.

మా ఆయన నా భుజం పట్టి కుదిపారు. "ఏందే ఆ మాట! వెళ్లే పిల్లని అట్టా పొమ్మంటారా? రా అను. రా అనవే!"

రా అన్నాను. అప్పటికే అద్దం తలుపు మూసుకుంది.